మెల్‌బోర్న్‌లో చదువుకుంటూ పిల్లల క్రికెట్ జట్టుకు కోచ్ అవ్వాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

మాస్టర్స్ చదువుతూ మెల్‌బోర్న్ పడమటి శివార్లలో రెండు సీజన్లు పదకొండేళ్లలోపు పిల్లల జట్టుకు కోచ్‌గా ఉన్నాను. మన దగ్గర నుంచి కొత్తగా వచ్చిన విద్యార్థులు నన్ను అడిగిన ప్రశ్నలు, వాళ్లు అడగకపోయినా నేనే చెప్పిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను. రాష్ట్రాన్ని బట్టి చట్టాలు వేరుగా ఉంటాయి. నేను ఎక్కువగా మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రం గురించే చెబుతున్నాను. వీసా నిబంధనలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు చేసే రోజున హోమ్ అఫైర్స్ శాఖ వెబ్‌సైట్ ఒకసారి చూసుకోండి.

నేను జిల్లా స్థాయిలో కూడా ఆడలేదు. నన్ను కోచ్‌గా తీసుకుంటారా?

తీసుకుంటారు. ఇక్కడ పేటకో క్రికెట్ క్లబ్ ఉంటుంది. వాటిని నడిపేది ఎక్కువగా పిల్లల తల్లిదండ్రులే, అదీ ఉచితంగా. ఆఫీసు నుంచి అయిదింటికి పరుగెత్తుకొచ్చి కిట్ బ్యాగ్ మోసే నాన్నలే కోచ్‌లు. చాలా చోట్ల వాళ్లు సరిపోరు. జులై, ఆగస్టు నెలల్లో దగ్గరలోని క్లబ్ జూనియర్ కోఆర్డినేటర్‌కు ఒక మెయిల్ రాయండి: ఎవరు మీరు, ఏం చదువుతున్నారు, వారంలో ఏ సాయంత్రాలు ఖాళీ, ఎన్నాళ్లు ఉంటారు. ఈ నాలుగూ నిజాయితీగా రాస్తే చాలు. నేను రాసిన మెయిల్‌లో నా బ్యాటింగ్ గురించి ఒక్క ముక్క లేదు. వాళ్లూ అడగలేదు.

మొదటి సీజన్ అసిస్టెంట్‌గా చేరితే మంచిదని నా అభిప్రాయం. పిల్లలను ఎలా పిలవాలి, వర్షం పడితే ఎవరు నిర్ణయిస్తారు, స్కోరు ఎవరు రాస్తారు, ఇవన్నీ పక్కన నిలబడి చూస్తేనే తెలుస్తాయి.

స్టూడెంట్ వీసా మీద ఇది చేయొచ్చా? 48 గంటల లెక్కలోకి వస్తుందా?

సబ్‌క్లాస్ 500 వీసా మీద ఉన్నవాళ్లు క్లాసులు జరుగుతున్న రోజుల్లో రెండు వారాలకు 48 గంటలు మించి పనిచేయకూడదు. 2023 జులై 1 నుంచి ఈ లెక్క అమల్లో ఉంది. లాభాపేక్ష లేని సంస్థకు, సమాజం మేలు కోసం, డబ్బు గానీ మరో ప్రతిఫలం గానీ తీసుకోకుండా చేసే సేవ ఈ గంటల్లోకి రాదు. అయితే అది నిజంగా స్వచ్ఛందమే అయి ఉండాలి. మామూలుగా జీతమిచ్చి చేయించే పనిని మీ చేత ఊరికే చేయించుకుంటే అది స్వచ్ఛందం కాదు. పేట క్లబ్‌లో తల్లిదండ్రులతో పాటు మీరూ ఊరికే చేస్తే ఇబ్బంది లేదు. డబ్బు తీసుకుని నేర్పే ప్రైవేటు అకాడమీ మిమ్మల్ని "ముందు రెండు నెలలు ఫ్రీగా చెయ్యి, తర్వాత చూద్దాం" అంటే అక్కడే ఆగిపోండి.

క్లబ్ వాళ్లు డబ్బులిస్తామంటే?

తీసుకోవచ్చు, కానీ ఆ క్షణం నుంచి అది ఉద్యోగం. గంటలు 48లోకి వస్తాయి, టాక్స్ ఫైల్ నంబర్ ఇవ్వాలి, కింద చెప్పబోయే పిల్లల చెక్ కూడా ఉద్యోగి రకానికి మార్చుకోవాలి. టీషర్టు, టోపీ, మీరు కొన్న బంతులకు రశీదు చూపిస్తే తిరిగిచ్చే ఖర్చు, ఇవి జీతం కిందికి రావు. "ఎవరికీ తెలీదులే, క్యాష్ ఇస్తాం" అనే మాట ఎవరి నోటి నుంచి వచ్చినా వద్దనండి. వీసా పోతే చదువూ పోతుంది, దాని మీద ఇంటి దగ్గర తీసుకున్న లోన్ మాత్రం మిగిలిపోతుంది.

వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ అంటే ఏమిటి? ఎలా తెచ్చుకోవాలి?

పిల్లలతో పనిచేసే పెద్దవాళ్ల నేరచరిత్రను ప్రభుత్వం పరిశీలించి ఇచ్చే అనుమతి ఇది. విక్టోరియాలో రాష్ట్ర ప్రభుత్వ సైట్ సర్వీస్ విక్టోరియా ద్వారా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవాలి. పాస్‌పోర్టు, వీసా వివరాలు దగ్గర పెట్టుకోండి. వాలంటీర్లకు ఉచితం, అయిదేళ్లు చెల్లుతుంది. మీరు పనిచేసే క్లబ్ పేరు అందులో నమోదు చేయాలి, క్లబ్ మారితే ఆ వివరమూ మార్చాలి. వాలంటీరు చెక్‌తో జీతం పని చేయకూడదు.

జట్టులో తమ పిల్లలే ఆడుతున్న తల్లిదండ్రులకు విక్టోరియాలో మినహాయింపు ఉంది. మనకు లేదు. కాబట్టి పక్కనున్న నాన్నకు కార్డు లేకపోయినా మీకు ఉండాల్సిందే. ఇది మీ మీద అనుమానం అనుకోకండి. ముక్కూమొహం తెలియని వాడి చేతిలో తొమ్మిదేళ్ల పిల్లాడిని పెట్టి వెళ్లే తల్లి వైపు నుంచి ఆలోచించండి. మన ఊళ్లలో కూడా ఇలాంటి పద్ధతి ఉంటే ఎంత బాగుండేదో అని నాకు చాలాసార్లు అనిపించింది.

క్వీన్స్‌లాండ్‌లో దీన్నే బ్లూ కార్డ్ అంటారు, అక్కడ అది మూడేళ్లే చెల్లుతుంది. ఒక రాష్ట్రం కార్డు ఇంకో రాష్ట్రంలో పనికొస్తుందనుకోవద్దు. కార్డు చేతికి రాకముందే "ఈ ఒక్క శనివారం చూసుకో" అని క్లబ్ అడిగినా ఒప్పుకోకండి.

కోచింగ్ కోర్సు చేయాలా?

ఆస్ట్రేలియన్ స్పోర్ట్స్ కమిషన్ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇచ్చే కమ్యూనిటీ కోచింగ్ పాఠాలున్నాయి. 'ప్లే బై ద రూల్స్' సైట్‌లో పిల్లల రక్షణ కోర్సు కూడా ఉచితమే. ఈ రెండూ ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే అయిపోతాయి. ఆ పైన క్రికెట్ ఆస్ట్రేలియా కమ్యూనిటీ కోచ్ కోర్సు. ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్‌కు క్లబ్ డబ్బు కడుతుందేమో అడగండి, చాలా క్లబ్‌లు కడతాయి. నా మాట వింటే వీటిలో ఫస్ట్ ఎయిడ్‌నే ముందు చేయండి.

వారానికి ఎంత సమయం పడుతుంది? పరీక్షలప్పుడు ఏం చేయాలి?

ప్రాక్టీసు గంటన్నర, మ్యాచ్ మూడు గంటలు, మెసేజులు, జట్టు కూర్పు, రానుపోను ప్రయాణం అన్నీ కలిపి ఎనిమిది గంటలు అనుకోండి. పార్ట్‌టైమ్ ఉద్యోగం, అసైన్‌మెంట్లు ఉన్నవాళ్లకు ఇది చిన్న సంగతి కాదు. ఒప్పుకునే ముందు కాగితం మీద వారం మొత్తం రాసి చూసుకోండి.

క్రికెట్ సీజన్ అక్టోబరులో మొదలై మార్చి దాకా నడుస్తుంది. రెండో సెమిస్టర్ పరీక్షలు నవంబరులో. అంటే పిల్లలు మీకు అలవాటు పడుతున్న మొదటి వారాల్లోనే మీకు టెన్షన్ ఎక్కువ. నేను మొదటి ఏడాది ఈ విషయం ఎవరికీ చెప్పకుండా లాక్కొద్దామనుకున్నాను. ఒక శనివారం మ్యాచ్‌కు ముందు రాత్రంతా రిపోర్టు రాసి, పొద్దున గ్రౌండుకు అరగంట ఆలస్యంగా వెళ్లాను. పదిమంది పిల్లలు ప్యాడ్లు కట్టుకుని గేటు వైపే చూస్తూ కూర్చున్నారు. ఆ దృశ్యం ఇప్పటికీ మర్చిపోలేదు. రెండో ఏడాది ఆగస్టులోనే నా పరీక్షల తేదీలు టీమ్ మేనేజర్‌కు ఇచ్చేశాను. ఆ మూడు వారాలు ఇద్దరు నాన్నలు చూసుకున్నారు, అంతా సాఫీగా నడిచింది.

క్రిస్మస్ ముందు నుంచి జనవరి చివరి వరకు మ్యాచ్‌లకు విరామం ఉంటుంది. ఇంటికి వెళ్లి సంక్రాంతి చేసుకుని రావాలంటే సరిగ్గా సరిపోతుంది.

ఇక్కడి పిల్లల క్రికెట్ నియమాలు మనకు తెలిసినవేనా?

కాదు. నేను ఎక్కువగా నేర్చుకున్నది ఇక్కడే. చిన్నప్పుడు మనం ఆడిన ఆటలో బ్యాట్ తెచ్చినవాడిదే మొదటి బ్యాటింగ్. బాగా ఆడేవాడు గంటసేపు ఆడతాడు. చిన్నవాడు, లావుగా ఉన్నవాడు, కొత్తగా వచ్చినవాడు ఎండలో బంతి తెస్తూ తిరుగుతాడు. వాడి ఔటు లెక్కలోకి రాదు, వాడి పరుగులు ఎవరూ లెక్కపెట్టరు. ఆటలో అరటిపండు. మనలో చాలామంది ఏదో ఒక రోజు అరటిపండుగా ఉన్నవాళ్లమే.

ఇక్కడ ఆస్ట్రేలియన్ క్రికెట్ జూనియర్ ఫార్మాట్లు అసలు అరటిపండే ఉండకుండా చేయడానికి తయారుచేసినట్టు ఉంటాయి. మొదటి దశలో జట్టుకు ఏడుగురు, పిచ్ 16 మీటర్లు, 20 ఓవర్లు. రెండో దశలో తొమ్మిదిమంది, 18 మీటర్లు. మూడో దశలోనే పదకొండుమంది, పెద్దవాళ్ల పిచ్. మొదటి దశలో పిల్లాడు ఔటైనా బయటికి వెళ్లిపోడు. తన వంతు బంతులన్నీ ఆడతాడు, వికెట్ మాత్రం అవతలి జట్టు ఖాతాలో పడుతుంది. ఓవర్లన్నీ ఒకే ఎండ్ నుంచి వేస్తారు కాబట్టి ఓవర్ మారినప్పుడల్లా ఫీల్డింగ్ సర్దుకునే సమయం మిగులుతుంది. అందరూ బౌలింగ్ చేయాలి. అసోసియేషన్‌ను బట్టి చిన్నచిన్న మార్పులుంటాయి, మీ అసోసియేషన్ ఇచ్చిన నియమాల కాగితం దగ్గర పెట్టుకోండి.

పిచ్ ఎందుకు కుదించారో మొదటి వారంలోనే అర్థమైంది. తొమ్మిదేళ్ల పిల్లాడు 20 మీటర్ల దూరం బంతి చేర్చాలంటే ఆకాశంలోకి విసరాల్సిందే. అది వైడ్ అవుతుంది, లేదా తలపైన వెళ్లే ఫుల్‌టాస్ అవుతుంది. బ్యాటర్‌కు కొట్టడానికి బంతి అందదు, ఫీల్డర్‌కు ఆపడానికి బంతి రాదు. ముగ్గురూ ఊరికే నిలబడతారు. 16 మీటర్లకు తగ్గించగానే అదే పిల్లాడి చేయి సరిగ్గా తిరుగుతుంది, బంతి నేలను తాకి బ్యాట్ దగ్గరికి వస్తుంది. ముగ్గురికీ ఆట దొరుకుతుంది. "ఇప్పటి నుంచే పెద్ద పిచ్ మీద ఆడిస్తే గట్టిపడతారు" అనే తల్లిదండ్రులకు నేను ఇదే చూపిస్తాను: నాలుగు మీటర్ల తేడాతో రెండు ఓవర్లు వేయించి, బ్యాట్‌కు తగిలిన బంతులు లెక్కపెట్టమంటాను.

మరో చిన్న విషయం. ఇక్కడ పిల్లల మ్యాచ్‌లు చాలావరకు సింథటిక్ పిచ్ మీద జరుగుతాయి. స్పైక్స్ బూట్లు కొనొద్దని కొత్త తల్లిదండ్రులకు ముందే చెప్పండి, డబ్బు మిగులుతుంది.

ప్రాక్టీసు ఎలా చేయించాలి?

వరసలో నిలబెట్టకండి. నా మొదటి ప్రాక్టీసులో పన్నెండుమందిని ఒకే నెట్ ముందు వరసగా నిలబెట్టాను. నేను చిన్నప్పుడు చూసిన అకాడమీలో అలాగే చేసేవాళ్లు. యాభై నిమిషాల్లో ఒక్కొక్కరికి ఏడెనిమిది బంతులు వచ్చాయి. చివర్లో ఉన్న ఇద్దరు గడ్డి పీకుతూ కూర్చున్నారు, ఒక పిల్ల వాళ్లమ్మ దగ్గరికెళ్లి "ఇంటికెళ్దాం" అంది. తప్పు పిల్లది కాదు.

తర్వాతి వారం నుంచి మూడు గుంపులు చేశాను. ఒకచోట నెట్‌లో బ్యాటింగ్, ఒకచోట గోడకు సుద్దతో గీసిన స్టంప్స్‌కు బౌలింగ్, మరోచోట క్యాచ్‌లు. గుంపుకు నలుగురు, పక్కన ఒక నాన్నో అమ్మో. పన్నెండు నిమిషాలకోసారి మార్పు. చివరి ఇరవై నిమిషాలు తప్పనిసరిగా ఆట, నిజమైన ఆట, పరుగులు లెక్కపెట్టే ఆట. దాని కోసమే వాళ్లు వస్తారు. ఒక్కో పిల్లకు ఎన్నిసార్లు బంతి చేతికొచ్చింది అనేది నాకు మిగతా అన్ని లెక్కల కంటే ముఖ్యం.

ఒకేసారి ఒక్క విషయమే చెప్పండి. "తల నిటారుగా పెట్టు, మోచెయ్యి ఎత్తు, కాలు ముందుకు వెయ్యి, బంతి చూడు" అని గుక్కతిప్పుకోకుండా చెబితే పిల్లాడు బిగుసుకుపోతాడు. ఈ వారం బంతి చూడడం, వచ్చే వారం కాలు. తప్పు చేశారని గ్రౌండు చుట్టూ పరుగులు పెట్టించడం, గుంజిళ్లు తీయించడం అసలు వద్దు. పరుగు పనిష్మెంట్ అయితే ఆ పిల్లాడికి పరుగెత్తడమే చేదవుతుంది.

నా ఇంగ్లీషు యాస పిల్లలకు అర్థమవుతుందా?

మొదటి రెండు వారాలు కొంచెం కష్టం, మీకే ఎక్కువ. వాళ్లు వేగంగా మాట్లాడతారు, మాటలు సగం మింగేస్తారు. 'ఆర్వో' అంటే మధ్యాహ్నం అని నాకు ఒక ఎనిమిదేళ్ల పాప చెప్పింది. అర్థం కాకపోతే మళ్లీ చెప్పమని అడగండి, పిల్లలు విసుక్కోరు. చిన్న వాక్యాలు వాడండి, చెప్పే ముందు చేసి చూపించండి. మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తారు. సార్ అనరు. అది అమర్యాద కాదు, ఇక్కడి పద్ధతి.

పిల్లల పేర్లు మీరూ సరిగ్గా పలకడం నేర్చుకోండి. వియత్నాం పేర్లు, సుడాన్ పేర్లు, గ్రీకు పేర్లు ఉంటాయి. నేను మొదటి రోజు ప్రతి పేరునూ తెలుగు లిపిలో రాసుకున్నాను. ఇంగ్లీషు స్పెల్లింగ్ కన్నా మన అక్షరాల్లోనే ఆ పలుకు బాగా ఇమిడింది.

జట్టులో తెలుగు పిల్లలుంటే తెలుగులో మాట్లాడొచ్చా?

టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ వైపు క్లబ్‌లలో తెలుగు పిల్లలు తప్పకుండా ఉంటారు. అందరి ముందు ఇంగ్లీషే మాట్లాడండి. ఇద్దరితో మాత్రమే మీకు రహస్య భాష ఉందని మిగతా పిల్లలకు అనిపించకూడదు. ఒకసారి మా జట్టులో కొత్తగా వచ్చిన బాబు బంతి తగిలి ఏడుస్తుంటే, వాళ్లమ్మ పక్కనే ఉండగా, "ఏం కాలేదు నాన్నా, ఎక్కడ తగిలింది చూపించు" అన్నాను. వెంటనే ఊరుకున్నాడు. అలాంటప్పుడు అమ్మభాష మందులా పనిచేస్తుంది.

తెలుగు తల్లిదండ్రులు "మావాడికి ఓపెనింగ్ ఇవ్వు తమ్ముడూ" అంటే?

అంటారు. మ్యాచ్ అయ్యాక భోజనానికి పిలుస్తారు, ఆవకాయ పెట్టి పంపిస్తారు, ఇంటికి దూరంగా ఉన్నవాడికి అది ఎంత విలువైందో మీకు తెలుసు. ఆ అభిమానం మధ్యలో కాదనడం కష్టం. అందుకే సీజన్ మొదట్లోనే ఒక పట్టిక తయారుచేసి అందరికీ పంపండి: ఏ వారం ఎవరు ముందు బ్యాటింగ్, ఎవరు వికెట్ కీపింగ్, ఎవరు కెప్టెన్. వరస తిరుగుతూ ఉంటుంది. "అన్నా, ఈ వారం వరస ప్రకారం ఇంకో పాపది, మీవాడిది మూడో వారం" అని పట్టిక చూపిస్తే ఎవరూ నొచ్చుకోరు.

కొడుకు ఔటవగానే బౌండరీ బయట నుంచి గట్టిగా తిట్టే తండ్రి ఎదురైతే అప్పటికప్పుడు అందరి ముందు ఏమీ అనకండి. మ్యాచ్ అయ్యాక పక్కకు తీసుకెళ్లి, "అన్నా, మీరు అరిచినప్పుడు వాడు బంతి కాకుండా మిమ్మల్ని చూస్తున్నాడు" అని చెప్పండి. నేను ఈ మాట ముగ్గురికి చెప్పాను. ఇద్దరు మారారు. మూడో ఆయన విషయం క్లబ్ కమిటీ చూసుకుంది, అది వాళ్ల పని.

తెలుగువాళ్లే కాదు, అన్ని దేశాల తల్లిదండ్రుల్లోనూ ఇలాంటి వాళ్లుంటారు.

ఒంటి మీద చెయ్యి వేయడం, మెసేజులు, కారులో దింపడం: ఏది సరైంది, ఏది కాదు?

మన దగ్గర కోచ్ వీపు తట్టడం, చెవి మెలిపెట్టడం మామూలు. ఇక్కడ కాదు. గ్రిప్ సరిచేయాలంటే మీ బ్యాట్ పట్టుకుని చూపించండి. తప్పదనుకుంటే "నీ చెయ్యి జరపనా?" అని అడిగి, అందరికీ కనిపించే చోట మాత్రమే ముట్టుకోండి. ఏ పిల్లతోనూ మూసిన గదిలో ఒంటరిగా ఉండకండి. దుస్తులు మార్చుకునే గదిలోకి, టాయిలెట్లలోకి మీరు వెళ్లొద్దు. మెసేజులు తల్లిదండ్రుల గ్రూపులోనే పెట్టండి, పిల్లలకు నేరుగా వద్దు. ఫొటో తీసే ముందు క్లబ్ నియమం తెలుసుకోండి, మీ సొంత సోషల్ మీడియాలో ఎప్పుడూ పెట్టకండి. ప్రాక్టీసు అయ్యాక ఒక పిల్ల కోసం ఎవరూ రాకపోతే ఇంకో పెద్దమనిషిని ఆపుకుని ఇద్దరూ కలిసి ఎదురుచూడండి.

విక్టోరియాలో పిల్లల రక్షణకు 11 ప్రమాణాలు 2022 జులై 1 నుంచి అమల్లో ఉన్నాయి, క్రీడా క్లబ్‌లు వాటిని పాటించాలి. మీ క్లబ్‌లో పిల్లల రక్షణ బాధ్యత ఎవరిదో మొదటి రోజే అడిగి నంబర్ ఫోన్లో పెట్టుకోండి.

ఒక పిల్ల తనకు జరుగుతున్న హాని గురించి నాతో చెబితే?

ప్రశాంతంగా వినండి. "నాతో చెప్పి మంచి పని చేశావు, తప్పు నీది కాదు" అనండి. గుచ్చిగుచ్చి ప్రశ్నలు వేయకండి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి, ఎందుకంటే ఆ మాట మీరు నిలబెట్టుకోలేరు. పిల్ల వాడిన మాటలనే వెంటనే రాసుకోండి. ఆ క్షణంలో ప్రమాదం ఉంటే ఇక్కడి అత్యవసర నంబర్ 000కు ఫోన్ చేయండి. పదహారేళ్లలోపు పిల్లల మీద పెద్దవాళ్లు లైంగిక నేరం చేశారని నమ్మడానికి కారణం కనిపించినప్పుడు పోలీసులకు చెప్పకపోవడం విక్టోరియాలో నేరం. ఈ బాధ్యత పద్దెనిమిది దాటిన ప్రతి ఒక్కరిదీ, విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లతో సహా. "మన తెలుగు కుటుంబం, పరువు పోతుంది" అనే ఆలోచన ఇక్కడ అస్సలు రాకూడదు.

ఎండ, ఉరుములు, దెబ్బలు, ఆస్తమా: నేను ఏం చూసుకోవాలి?

విజయవాడ ఎండ చూసిన నాకు మెల్‌బోర్న్ ఎండ ఏపాటిది అనుకున్నాను. ఉక్క లేకపోయినా ఇక్కడి ఎండ చర్మాన్ని కాల్చేస్తుంది. వేసవి మధ్యాహ్నాల్లో యూవీ సూచిక (ఎండలోని అతినీలలోహిత కిరణాల తీవ్రత) తరచుగా 10 దాటుతుంది. 3 వచ్చిందంటేనే టోపీ, పొడుగు చేతుల చొక్కా, ఎస్‌పీఎఫ్ 50 క్రీము ఉండాలి. మీ చర్మం నల్లగా ఉందని మీరు మానేయకండి, పిల్లలు మిమ్మల్ని చూసే నేర్చుకుంటారు.

మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్ల కంటే తక్కువ ఉంటే ఆట ఆపి లోపలికి వెళ్లాలి. చివరి మెరుపు తర్వాత 30 నిమిషాలు ఆగాలి.

మెల్‌బోర్న్‌లో ముఖ్యంగా జాగ్రత్తపడాల్సిన ఒక ప్రమాదం తెలుసుకోండి. 2016 నవంబరు 21 సాయంత్రం వచ్చిన ఉరుముల గాలివానలో గడ్డి పుప్పొడి రేణువులు పగిలి గాలిలో కలిసి వేలమందికి ఒక్కసారిగా ఊపిరాడలేదు. పదిమంది చనిపోయారు. అంతకు ముందెప్పుడూ ఆస్తమా లేనివాళ్లకు కూడా, ముఖ్యంగా వసంతంలో తుమ్ములు, ముక్కు కారడం ఉన్నవాళ్లకు ఇది రావచ్చు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు విక్‌ఎమర్జెన్సీ యాప్‌లో ఈ ప్రమాద సూచన ఇస్తారు. సీజన్ మొదటి సగం సరిగ్గా అప్పుడే కాబట్టి ప్రాక్టీసుకు బయల్దేరే ముందు చూడండి. మీకు వసంతంలో తుమ్ములు మొదలైతే మీరు కూడా డాక్టరును కలవండి.

ఆస్తమా వస్తే పిల్లను కూర్చోబెట్టి స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) నీలం ఇన్‌హేలర్ నాలుగు పఫ్‌లు విడివిడిగా ఇవ్వాలి, పఫ్‌కు నాలుగు ఊపిరులు. నాలుగు నిమిషాలు ఆగండి. తగ్గకపోతే ఇంకో నాలుగు పఫ్‌లు ఇవ్వండి. అప్పటికీ తగ్గకపోతే 000కు ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా నాలుగు నిమిషాలకోసారి నాలుగు పఫ్‌లు ఇస్తూ ఉండండి.

తలకు దెబ్బ తగిలి మీకు ఏ మాత్రం అనుమానం వచ్చినా ఆ రోజుకు ఆ పిల్ల ఆట అయిపోయినట్టే, డాక్టరుకు చూపించాలి. కంకషన్ (దెబ్బకు మెదడు అదరడం) అని తేలితే పిల్లలు మళ్లీ పూర్తి ఆటకు రావడానికి కనీసం 21 రోజులని ఆస్ట్రేలియా మార్గదర్శకాలు చెబుతున్నాయి. బ్యాటింగ్‌కు, స్టంప్స్ దగ్గర కీపింగ్‌కు హెల్మెట్ లేకుండా పంపకండి, నెట్‌లో అయినా సరే. 2014 నవంబరులో ఆస్ట్రేలియా బ్యాటర్ ఫిలిప్ హ్యూస్ మెడకు బంతి తగిలి చనిపోయిన తర్వాత ఈ దేశంలో ఈ విషయాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోరు.

పిల్లలకు తినడానికి ఏమైనా తీసుకెళ్లొచ్చా?

నారింజ ముక్కలు, పుచ్చకాయ. పల్లీ చిక్కీ, జీడిపప్పు స్వీట్లు వద్దు. ఇక్కడ వేరుశనగ, గింజల అలెర్జీ ఉన్న పిల్లలు చాలామంది, కొందరికి అది ప్రాణాంతకం. దీపావళికి అమ్మ పంపిన సున్నుండలు జట్టుకు పంచుదామని ఉత్సాహపడి, ముందు రోజు రాత్రి గ్రూపులో అడిగాను. అందులో జీడిపప్పు ఉందంటే, ఒక పాప ఎపిపెన్ (అలెర్జీకి వెంటనే ఇచ్చే ఇంజెక్షన్) పెట్టుకుని తిరుగుతుందని వాళ్లమ్మ చెప్పింది. అడగకపోయి ఉంటే అనుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

ఆడపిల్లలు కూడా ఇదే జట్టులో ఆడతారా?

ఆడతారు, విడిగా అమ్మాయిల జట్లూ ఉన్నాయి. 2020 మార్చి 8న మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ (ఎంసీజీ)లో మహిళల టీ20 ప్రపంచకప్ ఫైనల్‌కు 86,174 మంది వచ్చారు. ఆ ఊళ్లో అమ్మాయి క్రికెట్ ఆడటం వింత కాదు. అయినా మనవాళ్లలో కొందరు కొడుకును చేర్చి కూతురిని బెంచీ మీద కూర్చోబెడతారు. నేను ప్రతిసారీ ఆ పాప చేతికి బంతి ఇచ్చి "రెండు క్యాచ్‌లు పడతావా?" అని అడుగుతాను. 2025లో ప్రపంచకప్ గెలిచిన భారత జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీ చరణి ఉందని తల్లిదండ్రులకు చెబుతాను. అలా ఇద్దరు అక్కచెల్లెళ్లు జట్టులో చేరారు, ఒకమ్మాయి ఎడమచేతి స్పిన్నర్.

మన జట్టు ఎప్పుడూ ఓడిపోతుంటే?

మేము మొదటి సీజన్ రెండే గెలిచాం. ఈ వయసులో చాలా అసోసియేషన్లు పాయింట్ల పట్టిక కూడా పెట్టవు. నేను చూసుకున్న లెక్క ఒకటే: సెప్టెంబరులో ఎంతమంది తిరిగి పేరు నమోదు చేసుకున్నారు. పన్నెండుమందిలో పదకొండుమంది వచ్చారు. రాని బాబు కుటుంబం బ్రిస్బేన్ వెళ్లిపోయింది.

దీనివల్ల పీఆర్ (శాశ్వత నివాసం) పాయింట్లు, ఉద్యోగం వస్తాయా?

పీఆర్ పాయింట్లు రావు. జీతం లేని సేవ ఆ లెక్కలోకి రాదు. ఉద్యోగం విషయంలో, ఇక్కడ మీ గురించి చెప్పగల ఒక మనిషి దొరుకుతాడు, అది నిజంగా ఉపయోగమే. కానీ అందుకోసమే చేరితే రెండో నెలకే విసుగొస్తుంది.

ఇంగ్లండ్‌లో, అమెరికాలో చదివేవాళ్ల సంగతి?

ఇంగ్లండ్‌లో జాగ్రత్త. అక్కడి స్టూడెంట్ వీసా మీద ప్రొఫెషనల్ క్రీడాకారుడిగా పనిచేయకూడదు, ఆ మాటలో స్పోర్ట్స్ కోచ్ కూడా కలిసే ఉంటాడు. కాబట్టి జీతం తీసుకుని కోచింగ్ చేయొద్దు. ఊరికే చేసేదైనా ముందు యూనివర్సిటీ వీసా సలహాదారును అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోండి. పిల్లల చెక్‌ను అక్కడ డీబీఎస్ అంటారు. అమెరికాలో ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు లాభాపేక్ష లేని సంస్థలో, ఎప్పుడూ వాలంటీర్లే చేసే పనిని ఊరికే చేయొచ్చు. అయినా కాలేజీలో మీ డీఎస్‌ఓను (విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే అధికారి) అడిగాకే మొదలుపెట్టండి.

చదువు అయిపోయి వెళ్లిపోయేటప్పుడు పిల్లలకు ఎలా చెప్పాలి?

ముందే చెప్పండి. చివరి రోజు చెప్పి మాయమవ్వకండి. నాకు వేరే నగరంలో ఉద్యోగం వచ్చినప్పుడు ఫిబ్రవరిలోనే చెప్పాను, ఇంకా ఆరు మ్యాచ్‌లు ఉండగా. వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న, "మరి వికెట్ కీపింగ్ వరస ఎవరు చూస్తారు?"

కొత్త కోచ్‌ను చివరి మూడు ప్రాక్టీసులకు రమ్మని పిలిచాను. నా నోట్‌బుక్ ఆయనకిచ్చాను. అందులో ప్రతి పిల్లకు ఒక పేజీ: పేరు ఎలా పలకాలి, ఇన్‌హేలర్ ఏ సంచిలో ఉంటుంది, ఎవరికి ఎదురుగా అరిస్తే ఏడుపొస్తుంది, ఎవరికి బంతి అంటే ఇంకా భయం, ఈ సీజన్‌లో ఎన్నిసార్లు ముందు బ్యాటింగ్ వచ్చింది. పేర్లు తెలుగు లిపిలో ఉండటంతో ఆయనకు చదవడం రాలేదు. అందుకని ఆ సాయంత్రం గ్రౌండు పక్కన బల్ల మీద కూర్చుని ఒక్కో పేరూ నేను పలుకుతుంటే ఆయన తన పద్ధతిలో రాసుకున్నాడు. పన్నెండు పేర్లకు గంట పట్టింది.